తీసేసిన పేజీ

జుఫైర్, బహ్రెయిన్
2 ఏప్రిల్ 2004

ప్రియమైన అమ్మకు, పక్కన కూర్చుని ఈ ఉత్తరం చదువుతున్న చెల్లె రాజమణికి,

నేను బాగున్నాను. రాజమణీ, తొమ్మిదో నెలలో నీకీ చదివే పని కష్టమే గానీ, అమ్మకు అక్షరం రాదు, నాకు నువ్వు తప్ప దిక్కు లేదు. నా మాటలు మధ్యలో మింగకుండా చదువు.

అమ్మా, నీ కొడుకు పుస్తకం రాశాడు. నవ్వకు. మా హోటల్లో మాలిష్‌కు వచ్చేవాళ్ళ కోసం చిన్న పుస్తకం వేస్తున్నారు. వంతెన మీదుగా సౌదీ నుంచి వచ్చేవాళ్ళకూ, ఒడ్డున ఎండకు పడుకోవడానికే విమానమెక్కి ఈ దీవికి వచ్చే తెల్లవాళ్ళకూ మాలిష్ ఎట్లా చేయించుకోవాలో తెలియదు. మా మేనేజర్ బాఖర్ భాయ్‌ది హైదరాబాదు. నేను చెప్పాను, ఆయన ఇంగ్లీషులో టైపు చేశాడు. కడుపు నిండా తిని రావద్దు. ఎండకు కమిలిన ఒంటితో రావద్దు. ఉంగరాలు, గొలుసులు గదిలోనే వదిలి రావాలి. నొప్పి పుడితే సిగ్గుపడకుండా చెప్పాలి. లేచాక నీళ్ళు తాగాలి. ఇవన్నీ నువ్వు బాలింతలకు చెప్పేవే. కాకపోతే నువ్వు తిట్టి చెబుతావు, మేము దయచేసి అని చెబుతాం.

చివర ఇంకో పేజీ ఉండేది, ఎవరు మాలిష్ చేయించుకోకూడదు అని. మాకు పని నేర్పిన ఫిలిప్పీన్స్ ఆమె గోడకు అంటించిన జాబితా అది. బాఖర్ భాయ్ చదివి, "తీసెయ్ భాయ్, ఇది చూసినోడు లేచి ఉరుకుతడు" అన్నాడు. తీసేశాం. నాకూ అదే నయమనిపించింది. మంగలి ముత్తెమ్మ కొడుకు ఎవరిని ముట్టాలో గోడ చూసి నేర్చుకోవాలా?

నీ చేతి పనితోనే బతుకుతున్న
పోశన్న


జగిత్యాల
22 ఏప్రిల్ 2004

ప్రియమైన అన్నకు,

అమ్మ చెబుతోంది, నేను రాస్తున్నాను. మధ్యలో నేను కలిపినవి అమ్మకు చదివి వినిపించను.

ఈ నెల పద్నాలుగున ఆడపిల్ల పుట్టింది. ముక్కు నీదేనట, పాపం పిల్ల. మీ బావ వచ్చి చూసి మురిసిపోయి వెళ్ళాడు. పొద్దున్నే అమ్మ కాళ్ళు చాపి, పిల్లను వాటి మీద పడుకోబెట్టుకుని నువ్వుల నూనె రాస్తుంది. కిక్కురుమనదు. నేను ఎత్తుకుంటే మాత్రం ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడుస్తుంది. ఎవరి చేయి ఏదో దానికి అప్పుడే తెలిసిపోయింది.

ఒక్కటే సంగతి. నా ఎడమ పిక్క వాచింది. కుడిది బాగానే ఉంది. ఎడమది ముడితే వేడిగా ఉంటుంది, అడుగు వేస్తే గుంజుతుంది. అమ్మ నా ఒళ్ళంతా రుద్దుతుంది గానీ ఆ కాలిని వదిలేస్తోంది. "ఇది నేను చూసిన వాపు తీరు లేదు. నా బొటనేలు వద్దంటున్నది. అన్నకు రాయి, వాడు పెద్దపెద్దోళ్ళ కాళ్ళు చూసినోడు" అంది. నలభై ఏళ్ళుగా ఊరినంతా రుద్దిన మనిషి నీ సలహా అడుగుతోంది, గర్వపడు. తొందరగా జవాబు రాయి. మంచంలో పడుకుని పడుకుని విసుగొస్తోంది.

నీ మేనకోడలి తల్లి
రాజమణి


జుఫైర్
1 మే 2004

ప్రియమైన అమ్మకు, మంచమెక్కిన మహారాణికి,

నాతో పనిచేసే బిలాల్ రేపు సెలవు మీద కోరుట్ల వస్తున్నాడు. పోస్టులో వేస్తే పది రోజులు, అతని చేతికిస్తే మూడు రోజులు. అందుకే డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. హోటల్ నూనె సీసా కూడా పంపుతున్నాను.

అమ్మా, అది పురిటి నీరు, ఇంకా దిగలేదంతే. నొప్పి ఉన్నచోటే ఒత్తాలి. మడమ నుంచి మోకాలి దాకా, రెండు బొటనవేళ్ళతో, కిందినుంచి పైకి, గట్టిగా. ఇక్కడ మేము చేసేది అదే. రాజమణి అరిచినా ఆపకు, దాని నాటకాలు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. వయసు మీద పడి నీ బొటనవేలికి భయం పట్టినట్టుంది. వారంలో అది లేచి తిరగకపోతే నా పేరు మార్చు.

పిల్ల ముక్కు చూడాలని ఉంది.

మీ
పోశన్న


జుఫైర్
19 మే 2004

ప్రియమైన అమ్మకు,

ఈ ఉత్తరం నీకు ఎవరు చదివి వినిపిస్తారో నాకు తెలియదు.

బావ ఫోన్‌లో అంతా చెప్పాడు. కాలి నరంలో గడ్డకట్టిన నెత్తురు కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయిందని, ఆ కాలిని ఒత్తకుండా ఉండాల్సిందని పెద్దాసుపత్రి డాక్టరు అన్నాడట. నేను రావాలనే చూశాను. పాస్‌పోర్టు నాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ దగ్గర ఉంది. ఆయన ఊళ్ళో లేడు, వారం తర్వాత చూద్దామన్నారు. అప్పటికి అక్కడ అంతా ఖలాస్.

అమ్మా, నేను తీసేసిన పేజీ బాఖర్ భాయ్ సొరుగులో దొరికింది. అందులో మూడో వాక్యం ఇది. ఒక్క కాలే వాచి, ముడితే వేడిగా ఉంటే, ఆ కాలిని ఎవరూ ఒత్తకూడదు, వెంటనే డాక్టరుకు చూపించాలి. పని నేర్చుకునేటప్పుడు నేనిది కంఠతా పట్టాను, పరీక్షలో చెప్పి పాసయ్యాను. చెల్లె ఉత్తరం చదివినప్పుడు గుర్తు రాలేదు. ఆ రాతలు తెల్లవాళ్ళ కాళ్ళ కోసం అనుకున్నాను. మన ఇంట్లోవాళ్ళ కాలికి కూడా అదే రోగం వస్తుందని నా బుర్రకు తట్టలేదు. నా చెల్లెను నేనే చంపుకున్నాను.

అచ్చయిన పుస్తకాలు కౌంటర్ మీద పేర్చి ఉన్నాయి. రోజూ వాటి పక్కనుంచే గదిలోకి పోతున్నాను.

నీ ముఖం ఎట్లా చూడాలో తెలియని
పోశన్న


జగిత్యాల
2 జూన్ 2004

ప్రియమైన కొడుకు పోశన్నకు,

రాసేది బడి సోమేశ్వరరావు సారు. నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్న.

బిలాల్ నీ ఉత్తరం తెచ్చిన నాడు రాజమణే చదివింది. అరిచినా ఆపకు అన్నకాడ నవ్వింది. నేను నూనె కాచి ఒత్తిన. రెండోనాడు "అమ్మా, ఇయ్యాల వద్దే" అన్నది. నా బొటనేలు గూడ వద్దనే అన్నది. నువ్వు చదువుకున్న పనోడివి, నువ్వు రాసినవని ఒత్తిన. అది మంచినీళ్ళకని లేచి రెండడుగులు వేసింది. దమ్ము ఆడుతలేదని గోడకు ఆనుకొని కూసున్నది. మళ్ళ లేవలేదు.

నువ్వు చంపినవని నేననను. నీ తప్పు లేదని గూడ అనను. మాట నీది, చేతులు నాయి.

ఊర్లె ముగ్గురు బాలింతలు కబురు పెట్టిండ్రు. పోలేదు. పిల్ల మాత్రం ఇంట్లనే ఉన్నది. పొద్దున నూనె రాసే యాళ్ళకు ఏడుపు అందుకుంటది. నేను దూరం కూసుంట. సారు ఇంటామె వచ్చి ఒట్టి నీళ్ళు పోసి పోతున్నది. నేను దాన్ని ముట్టక నెల కావస్తున్నది.

నువ్వు ఆ పేజీల ఒక్క మాటనే రాసినవు. తతిమ్మా ఏమున్నది? పసిపిల్లల సంగతి అండ్ల ఉన్నదా? నూనె రాయొచ్చునా, రాయొద్దా? ఒక్క అక్షరం విడువకుండ మొత్తం రాసి, వచ్చేటోళ్ళ చేతికియ్యి. అది వచ్చేదాక పిల్లను ముట్టను.

మీ అమ్మ ముత్తెమ్మ
(బొటనవేలి ముద్ర)