బండికి కొత్త కీళ్ళు

ఇదిగో, నిన్నే!

ఉభయకుశలోపరి అని ముందే రాసేస్తున్నాను, మాటల్లో పడితే మరిచిపోతాను. ఇక్కడ నేను, పిల్లి, కారే కుళాయి ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, అమ్మాయీ, చంటిపాపా హాయిగా ఉన్నారని నీ ఉత్తరం చూశాకే నాకు అన్నం సహించింది.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని అమ్మాయి నవ్విందని రాశావు. నవ్వనీ. ఫోను మోగగానే స్పీకరు పెట్టి ఇంటిల్లిపాదికీ వినిపించే అలవాటు నీది. ఈ కాగితం మాత్రం నువ్వొక్కదానివే చదువు. పెరట్లోకి వెళ్ళి చదువు.

నువ్వడిగినవాటికి జవాబులు. కుళాయికి గుడ్డ చుట్టాను, ఇప్పుడు గుడ్డ కారుతోంది. పిల్లి నీ కుర్చీలోనే పడుకుంటోంది, లేపబోతే అద్దె బాకీ పడ్డవాణ్ణి చూసినట్టు చూస్తోంది. పాపకు నా ముక్కు వచ్చిందని అల్లుడు అన్నాడా? పాపం, పెద్దయ్యాక సర్దుకుంటుందిలే. ఇలా వేళాకోళంగా రాస్తున్నానని గుండె నిబ్బరంగా ఉందనుకోకు. లేదు.

ఇక అసలు ప్రశ్న. "బండి ముందు భాగం బాగు చేయించారా లేదా? ఆ కొండ మలుపుల్లో స్టీరింగు గజగజలాడుతుంటే, చంటిపిల్లను పట్టుకుని నేనెక్కను" అని రాశావు. చేయించాను.

గొణుగుడు మేస్త్రి తెలుసుగా, షెడ్డులో మనుషులతో కంటే బోల్టులతోనే ఎక్కువ మాట్లాడతాడు. చక్రం పట్టుకుని ఊపి చూసి, "ఏం పెద్దాయనా, ఇన్నాళ్ళూ దీన్ని తిప్పారా, బతిమాలారా?" అన్నాడు. రెండు వైపులా బాల్ జాయింట్లు అరిగి లొడలొడలాడుతున్నాయి. బాల్ జాయింటంటే మరేం లేదు, మన తుంటి కీలు లాంటిది, గిన్నెలో గుండు. ఈ సంగతి నేను బడిలో నేర్వలేదు, ఒకప్పుడు పొట్లం కట్టిచ్చిన కాగితంలో చదివాను. ఆ కాగితం అక్కడికే చిరిగిపోయింది గనక మోకాలి విషయం నాకు ఇప్పటికీ తెలియదు.

ఎక్కడికో పోయాను. బాల్ జాయింట్లు, స్టీరింగును చక్రాలకు కలిపే కడ్డీల చివరి కీళ్ళు, రబ్బరు బుష్షులు, అన్నీ కొత్తవి వేశాడు. తుప్పుపట్టిన నట్టొకటి రాకపోతే, "కొత్తల్లుడిలా కూర్చున్నావేంట్రా, లే!" అని దాన్ని తిట్టాడు. నేను పకపకా నవ్వాను. ఆ తర్వాత ఇంతవరకూ నవ్వలేదు.

అతనిది ఒక పద్ధతి. పని అయ్యాక బండిని జాకీల మీదే ఉంచి, సొంతదారును సీట్లో కూర్చోబెట్టి స్టీరింగు పట్టుకోమంటాడు. తను కిందికి దూరి కొత్త కీలు మీద అరచెయ్యి ఆనిస్తాడు. ఎక్కడ రవ్వంత లూజున్నా చేతికి తెలుస్తుందట. చెప్పినట్టే ఎడమకూ కుడికీ తిప్పాను.

"ఆపండి. కదపకుండా పట్టుకోండి" అన్నాడు కిందినుంచి.

పట్టుకున్నాను.

"కదపొద్దన్నానా?"

"నేను కదపడం లేదయ్యా."

"కదులుతోంది పెద్దాయనా. ఇంజను ఆపారా?"

"అసలు వేస్తేగా ఆపడానికి!"

కింద గొణుగుడు ఆగిపోయింది. అది ఆగడం నేనెన్నడూ ఎరగను. కాసేపటికి, "ఒకసారి చేతులు తీసెయ్యండి" అన్నాడు. తీశాను. "మళ్ళీ పట్టుకోండి." పట్టుకున్నాను. మేస్త్రి బయటికొచ్చి గుడ్డతో తుడుచుకుంటూ, నా ముఖం తప్పించి చేతులకేసి చూశాడు.

అర్థమైందా? వణుకు నా చేతుల్లో ఉంది. పాత కీళ్ళలో ఉన్న లూజులో అది ఇంకిపోయేది, నేనూ బండినే తిట్టుకునేవాణ్ణి. కొత్త కీళ్ళు ఏదీ మింగవు, చేతిలో ఏముంటే అది తీసుకెళ్ళి చక్రానికి అప్పజెబుతాయి.

అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. రోడ్డెక్కి చూద్దామన్నాను. మేస్త్రి నడిపితే బండి గీత గీసినట్టు పోయింది. తర్వాత స్టీరింగు నేను తీసుకున్నాను. ఖాళీ రోడ్డే, కానీ బండి వద్దు వద్దన్నట్టు తలాడిస్తూ నడిచింది. వంతెన ఎక్కాక కింద నీళ్ళు కనబడ్డాయి. వెనక సీట్లో మీరు ముగ్గురూ ఉన్నట్టే అనిపించింది. అక్కడే ఆపేశాను. చొక్కా తడిసిపోయింది. మిగతా దారి మేస్త్రే నడిపాడు.

మా అన్నయ్యకు ఆ వణుకు జబ్బు కుడిచేతి బొటనవేలితోనే కదా మొదలైంది. ముందు గుండీలు పెట్టుకోలేకపోయాడు, ఆఖరికి ముద్ద నోట్లో పెట్టింది నువ్వే. నీకు వేరే చెప్పాలా? ఇప్పుడు నా బొటనవేలూ ఆడుతోంది. ఈ కాగితం రాస్తూ కుడి మణికట్టును ఎడమచేత్తో అదిమి పట్టుకున్నాను, అందుకే గీతలిలా ఉన్నాయి. వయసు వణుకేలెమ్మన్నాడు మేస్త్రి. అతను డాక్టరు కాడు, నేను బోల్టునూ కాను. డాక్టరు గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. ఒక్కణ్ణీ లోపలికి వెళ్ళి ఆ మాట వినలేను. నువ్వొస్తే వెళదాం.

మిమ్మల్ని తీసుకురావడానికి బండి వస్తుంది, మేస్త్రి నడుపుతాడు. నేను పక్కన కూర్చుంటాను. స్టీరింగు పట్టి సంసారం ఈదినవాడు పక్క సీట్లోంచి దిగుతుంటే అమ్మాయి ఊరుకోదు, అడుగుతుంది. కొత్త సామాను గనక మేస్త్రే వెంట వచ్చాడని చెప్పు. డాక్టరు ఏమంటాడో తేలేదాకా దానికేమీ తెలియనివ్వకు, పచ్చి బాలెంతరాలు.

ఇంకొక్కటి. నేను దిగగానే అందరూ తాతయ్య చేతికివ్వమని పాపను తెస్తారు. నువ్వు అడ్డుపడు. దుమ్ముచేతులని నాలుగు తిట్టు, నువ్వు నన్ను తిడితే ఎవరికీ అనుమానం రాదు. ముందు నన్ను కూర్చోబెట్టు. అప్పుడు పాపను ఒళ్ళో పెట్టు. పెట్టాక నీ చెయ్యి తీసేయకు.

ఇట్లు,
భయమేస్తోందని నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేని
మీ ఆయన