రెండు దంతాల గణపతి ఎవరికి చెందాలె

బీదరుల ఖండప్ప సేటు ఇత్తడి బొమ్మల దుకాణంల పాలిష్ పని చేసే షెకినా అనే నేను, పరలోకం చేరిన అబ్బయ్య బిడ్డను, ఇరవై ఆరేండ్లదాన్ని, రాస్తున్న వీలునామా. నా గుండె కవాటం ఒకటి చెడ్డది. మతి మాత్రం సక్కగున్నది. నన్ను ఎవరూ బెదిరియ్యలేదు, బతిమాలలేదు. ఎల్లుండి హైదరాబాదుల ఆపరేషన్. ఏమన్నయితే మా జిమ్మేదారి కాదని దవాఖానోళ్లు ముందుగాలనే నాతోని దస్తఖత్ పెట్టించుకున్నరు. గట్లయితే నా మాట గూడ కాయితం మీదికెక్కాలె. తెలుగు రాత బైబిల్ చూసి నేర్చుకున్న. తప్పులుంటె నవ్వుకోరి, మతలబు మార్చకురి.

1. దీన్ని అమలు జరిపే పెద్దగ, నాతోని పాలిష్ పట్టే బాలమ్మక్కను పెడుతున్న. ఆమెకు నా ఎర్ర శాలువ, వేజలీన్ డబ్బా. అక్కా, దాచిపెట్టకు. పగిలిన వేళ్లకు రాసుకో.

2. ఖండప్ప సేటుకు ఏం లేదు. హైదరాబాదుల కొత్త ఫ్లాట్లు లేస్తున్నయని, తలుపు కాడికి నంది, మెట్ల కాడికి దీపలక్ష్మి అని ఆర్డర్లొస్తె, తొందరకు బొమ్మలను మిషన్ చక్రానికి ఆనిచ్చి అమ్మవార్ల ముక్కులు అరగదీసిండు. అది పాలిష్ కాదు సేటూ, చెక్కుడు. మా తమ్ముణ్ణి పదిమందిల అన్న మాట గూడ నేను మాఫ్ చేస్తలేను.

3. నా ఆస్తి అనేటిది ఒక్కటే, మోకాలెత్తు ఇత్తడి గణపతి. మా తమ్ముడు జాన్సన్ దుకాణంల అతుకుల పనికి చేరిన వారంలనే దాన్ని చూసిండు. ఒక దంతం సగమే ఉన్నది. మేం చర్చికి పోయేటోళ్లం; గణపతికి ఒక దంతం విరిగే ఉంటదని వానికెవరు చెప్పిండ్రు? పాపం విరిగిందనుకొని, తిండి మాని, కొత్త దంతం పోసి అతికిండు. దుకాణమంతా నవ్వింది. "దేవునికే పండ్లు కట్టే డాక్టర్ వచ్చిండు" అని సేటు వెళ్లగొట్టిండు. బాలమ్మక్క ఒక్కతే నవ్వలేదు. ఇన్నేండ్లకు ఆ సామికి ఎవరో ఒకరు దవా చేసిండ్రులే అన్నది. బొమ్మను కరగబెట్టుడుకు పక్కకేస్తె నేను అడిగి తెచ్చుకున్న.

ఇంటికొస్తె మా అమ్మ హేబ్సిబా ఇంకో తీరు. నేను విగ్రహాలు తుడుస్తె నడుస్తదట, వాడు దంతం చేసిండు గనుక విగ్రహం చేసినట్టేనట. నా గడప తొక్కకు అన్నది. ఇప్పుడు వాడు హైదరాబాదుల ఫ్లాట్లకు గ్రిల్లులు అతుకుతుండు. మా ఊరు బగ్దల్‌కు వస్తలేడు.

4. ఆ గణపతిని మా అమ్మకే రాసిస్తున్న. ఇప్పుడది బాలమ్మక్క కిరాయి అర్రల ఉన్నది, వచ్చే నెల ఆమె ఖాళీ చేస్తది. అమ్మ వద్దంటె దాని దారి ఇత్తడి కరగబెట్టే భట్టీకే.

అమ్మా, పూజ చెయ్యమంటలేను, తుడువుమంటున్న. చింతపండు నానబెట్టి మెత్త బట్టతోని రుద్దు. ఇనుప పీచు ముట్టియ్యకు. పులుపు ఎక్కువసేపు ఉంచకు, మచ్చలు పడ్తయి. మంచినీళ్లతోని కడిగి, చెవుల ఎనుక, తొండం మడతల తడి లేకుండ అద్దు, లేకుంటె పచ్చ చిలుము లేస్తది. మూలలకున్న నలుపంతా తీయకు, అదుంటెనే కండ్లు కనిపిస్తయి. బాలమ్మక్క వచ్చి కుంకుమ పెడ్తె పెట్టనియ్యి, ఆమె పోయినంక పొడి బట్టతోని తుడువు. దంతం కాడ మెల్లగ. అది నీ కొడుకు పని. అది ఇంట్ల ఉన్నదని తెలిస్తె వాడు గడప తొక్కుతడు. నాకు గావాల్సింది గిదొక్కటే.

5. జాన్సన్‌కు నా సన్న ఆకురాయి. తమ్మీ, నీ అతుకు ఏడున్నదో ఎంత తడిమినా నాకే దొరుకుతలేదు.

6. ఇది వకీలు సాబ్ కాడ కలిపిన. పైదంతా చదివి వినిపిస్తుంటె అమ్మ పక్కనే ఉన్నది. సాక్షి దస్తఖత్ నేనే చేస్తనని కలం అందుకున్నది. సాక్షిగ దస్తఖత్ చేసినోళ్లకు ఇందుల రాసింది దక్కదని వకీలు సాబ్ చెప్పిండు.

"గట్లయితే నేను చెయ్య" అని అమ్మ, కలం పక్కింటి రాచమ్మకు ఇచ్చింది.

బీదర్, 12 నవంబర్ 2007

(దస్తఖత్) షెకినా

సాక్షులు:
రాచమ్మ, బగ్దల్, మా పక్కిల్లు
ఓంకార్, దుకాణంల ప్యాకింగ్ పని