చాచిన కాలు

ఆదివారం, వరంగల్

జనరల్‌గా రిటైరైన నాకు ఈరోజు సన్మానం. "జవాన్ల మనిషి" అని వక్తలంతా తెగ పొగిడారు. సర్వీసులో నాకు ఆర్డర్లీగా పనిచేసిన సైలు ములుగు నుంచి బస్సులో వచ్చాడు. నాకంటే పెద్దవాడు, మోకాళ్లు అరిగిపోయాయి.

శాలువా కప్పుతుండగా నా బూటు లేసు ఊడింది. సైలు గబగబా స్టేజీ ఎక్కి వంగాడు. వద్దనాలి కదా! నోరు పెగిలేలోపే నా కాలు ముందుకు చాచి ఉంది. ఛీ! నలభై ఏళ్లలో నాకు ఒంటబట్టింది ఇదా?

హాలంతా చప్పట్లు.

"మోకాళ్లు నొప్పిగా లేవా సైలూ?" అన్నాను సిగ్గుతో.

"నాకేం కొత్తనా సాబ్? జర గా కాలు గూడ ఇటియ్యున్రి, లేసు వదులైంది."

ఆ కాలూ చాచాను.