డాక్టరు గారి గది ఎదుటి బెంచీ

ఆరోగ్యశాఖ ఉన్నతాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ప్రభుత్వ ఆస్పత్రిలో పిల్లల విభాగపు పెద్ద డాక్టరు గారి గది ఎదుటి బెంచీపై నేను నా కుమారునితో కూర్చొనరాదని ఇచ్చిన ఉత్తర్వును రద్దు చేయవలెనని కోరుట గురించి.

కుట్టుపనితో బ్రతుకు నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా కుమారుడు ఆ ఆస్పత్రిలోనే పుట్టినాడు. పుట్టినప్పుడు ఏడవలేదు. కాన్పు కష్టమై మెదడుకు ప్రాణవాయువు అందలేదని డ్యూటీలోని చిన్న డాక్టరమ్మ అనుమానించి, బొడ్డుతాడు నెత్తురు పరీక్షకు పంపినది. నెత్తురులో ఆమ్లం హద్దు మీరినదని తేలినది. ఇట్టి బిడ్డ ఒంటిని ఆరు గంటల లోపు చల్లబరచుట మొదలుపెట్టినచో మెదడుకు నష్టం తగ్గు అవకాశమున్నదని ఆమె నా భర్తకు చెప్పినది.

2. చల్లబరచు పరుపు పక్క గదిలోనే ఉన్నది. దానికి రిబ్బను కట్టి ఉన్నది. ప్రారంభోత్సవం మరుసటి వారం. చిన్న డాక్టరమ్మ ఫోనులో బతిమాలగా, "పెద్దవాళ్ళొచ్చి కత్తిరించాల్సిన రిబ్బను. నువ్వు విప్పేస్తే నా పరువేం కావాలి?" అన్నారట పెద్ద డాక్టరు గారు. వేరే ఆస్పత్రికి పంపుటకూ ఒప్పుకొనలేదు. గడువు దాటిపోయినది. రిబ్బను క్షేమము.

3. నా కుమారునికి రెండో ఏడు నడుచుచున్నది. మెడ నిలవదు. మూర్ఛలు వచ్చును. నాలుగు చెంచాల పాలు దిగుటకు పూట పట్టును.

4. మా ఫిర్యాదుపై జరిగిన విచారణలో పెద్ద డాక్టరు గారు, బిడ్డ కడుపులోనే చెడిపోయినాడనీ, తల్లి రక్తంలోనే లోపమనీ సెలవిచ్చినారు. చిన్న డాక్టరమ్మ నెత్తురు ఫలితం చూపగా అది యంత్రం పొరపాటన్నారు. ఆమెను బదిలీ చేసినారు. ఆయనకు శాలువా కప్పినారు.

5. నాటి నుండి ప్రతి శుక్రవారం ఆ బెంచీపై కూర్చొనుచున్నాను. అరవలేదు, తిట్టలేదు. చంటిపిల్లలతో వచ్చిన తల్లులు బాబుకేమైందని అడిగినచో పూస గుచ్చినట్టు చెప్పుచున్నాను. విని వారు లేచి వేరే డాక్టరును వెతుక్కొనుట నా నేరము కాదు. ఏనుగుతో పెట్టుకుంటే మనమే నలిగిపోతామని నా భర్త చెప్పి చూసినాడు. మా అత్తగారు మాత్రం శుక్రవారం వంట తానే చేసి నన్ను పంపును.

6. మొన్న పెద్ద డాక్టరు గారే బయటికి వచ్చి నా ఎదుట నిలబడినారు.

"నీకేం కావాలమ్మా?"

"వీడు నన్ను అమ్మా అని పిలవాలండి."

ఆయన వెనక్కి తిరిగి తలుపు పిడి పట్టుకొన్నారు.

"అది మీ వల్ల కాదు. అందుకని మీకు నిద్ర పట్టకూడదు."

మరునాడే ఉత్తర్వు వచ్చినది.

కావున నేను పరిహారం కోరను. ఆయన ఉద్యోగం తీసివేయమనీ కోరను. తీసేస్తే ఇంట్లో హాయిగా కాళ్ళు చాపుకుంటాడు. ఆ గదిలోనే ఉండాలి. తలుపు తీసినప్పుడల్లా నా బిడ్డ మొహం కనపడాలి. బదిలీ అడిగితే ఇవ్వకండి.

ఇది చిత్తగించి ఆ బెంచీ నాకు దయచేయించవలెను.

విధేయత మిగిలి ఉన్నంత వరకు,
తమ విధేయురాలు,
బాబు తల్లి

తా.క.: ఈ ఉదయం చిన్న డాక్టరమ్మ ఫోన్ చేసింది. కొత్త ఊళ్ళో ఇలాంటి బిడ్డనే వేళకి చల్లబరిచిందట. ఆ పాప పాలు తాగి ఇంటికెళ్ళిందట. మంచి మాటే. విన్నాక నాకు ఆ తల్లి మీద కూడా కక్ష పుట్టిందండీ, ముక్కూ మొహం తెలియని మనిషి మీద. నన్ను ఇలా చేసినవాణ్ణి నేను వదలను.