గుంటక మీది బండ

1957, మంగళవారం

మూడు నెలలు నన్ను తిప్పలు పెట్టిన పాత చిన్న ట్రాక్టర్ ఇవాళ కదిలింది. కలుపు కోసి మట్టిని గుల్ల చేసే ఎడ్ల గుంటకనే వెనక తగిలించి చేలోకి దించాను. గుంటక మట్టిలో దిగనంటుంది!

"బరువు సాలదప్పా, ఎవురన్నా పైకెక్కి నిలబడాల" అన్నాడు పక్క చేను మస్తాన్.

ఎడ్లున్నప్పుడు, మా పెళ్లైన ఏడాది నుంచీ సుబ్బమ్మే ఎక్కి నిలబడేది. ఆమె పోయి ఏడాదవుతోంది. వాకిట్లో ఆమె బట్టలుతికిన బండ తెచ్చి గుంటక మీద కట్టాను. బాగానే దిగింది.

సాలు చివర ట్రాక్టర్ ఆపి, వెనక్కి తిరిగి నిలబడ్డాను. మలుపు దగ్గర ఆమె కిందికి దిగేదాకా ఆగడం నాకు అలవాటు.

"ఏంటికి నిలిపినావప్పా?" మస్తాన్ గట్టు మీంచి కేకేశాడు.

ఇంజను వేడెక్కిందన్నాను. రేపు చేనంతా తోలాలి. ప్రతి మలుపులోనూ ఏమని చెప్పాలి?