గుర్తు లేని కవరు

హూరియా నాన్నగారికి మీ ఖీరా సలాములు.

మీ మూడు ఉత్తరాలకూ ఇన్నాళ్లూ ఫోనులోనే జవాబు చెప్పాను. ఈసారి కలం పట్టక తప్పలేదు. ఇందులో ఒక మాట మీ గదిలోని తోటి వంటవాళ్ల చెవిన పడకూడదు.

అల్లా దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. ఆ ఎడారి వేడిలో మీరూ బాగుండాలని రోజూ దువా చేస్తున్నాను. మీరు అడిగినవన్నీ చెబుతాను. హూరియా పరీక్షలు బాగా రాసింది. వంటింటి కప్పు కారకుండా మీ తమ్ముడు బాగుచేశాడు. లల్లా రహ్మూనా రొట్టెల బట్టీ మూసేశారా అని అడిగారు. మూయలేదు. ఇక మూయరు కూడా.

మన ఊరు నద్రోమాలో ఇప్పుడు అందరూ దుకాణం రొట్టెలే కొంటున్నారు. రంజాను దాటితే బట్టీ చల్లారిపోతుందని, అందులో పనిచేసే ఆరుగురు ఆడవాళ్లూ బెంగపడ్డారు. అప్పుడే బడి పిల్లల భోజనానికి రొట్టెలు కావాలని మున్సిపాలిటీ టెండరు పిలిచింది. చదవడం రాయడం వచ్చినదాన్ని కదా, కాగితాల పని నా నెత్తిన పడింది. పన్ను ఆఫీసు, ఆరోగ్య శాఖ, మళ్లీ పన్ను ఆఫీసు. తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి.

అన్నీ కవర్లలో పెట్టి, పైకవరు లక్కతో మూసి, కాసేపు లల్లా రహ్మూనా చేతికిచ్చి నమాజుకు లేచాను. తిరిగొచ్చేసరికి ఆ లక్క మీద దానిమ్మ గుర్తు. తన రొట్టెల మీద వేసే చెక్క ముద్రను లక్క ఆరకముందే నొక్కేసింది.

"పెద్దమ్మా, ఎంత పని చేశావు! పైకవరు మీద ఏ గుర్తూ ఉండకూడదు. ఉంటే తెరవకుండానే పక్కన పడేస్తారు."

"నా ఇంట్లోంచి గుర్తు లేకుండా ఒక్క రొట్టె కూడా బయటికి పోలేదే. ఎవరు పంపారో తెలియని కవరు పంపడానికి మనమేమైనా దొంగలమా?"

"ఎవరిదో తెలియకూడదనేగా ఆ నియమం. తెలిస్తే తమవాళ్లకే ఇచ్చుకుంటారు."

"అలాగా? అయితే మంచి నియమమే. ముందే చెప్పొచ్చుగా, నోట్లో బెల్లముక్క పెట్టుకున్నట్టు గొణుగుతావు."

గడువుకు గంట కూడా లేదు. ఆ ముద్ర ఉన్న కవరును ఇంకో పెద్ద తెల్ల కవరులో పెట్టి, మళ్లీ సీలు వేశాను. ఈసారి నమాజు గుడ్డతో సహా అన్నీ చంకన పెట్టుకుని పరుగెత్తాను.

కవర్లు విప్పే రోజు మున్సిపాలిటీ గదిలో మేమిద్దరమే ఆడవాళ్లం. టెండరు కమిటీ అధ్యక్షుడు మా తెల్ల కవరు విప్పి, లోపలి లక్క చూసి, "ఇదేం గుర్తు?" అన్నాడు.

"నీ మనవళ్లు తినబోయే రొట్టె గుర్తు నాయనా," అంది లల్లా రహ్మూనా. గదంతా నవ్వింది. మాకు పోటీగా వచ్చిన పెద్ద బేకరీ ఆయన మాత్రం నవ్వలేదు.

మొన్న మున్సిపాలిటీ గోడకు ఫలితాల కాగితం అతికించారు. ధరలోనూ, రొట్టె రుచిలోనూ మనదే మొదటి స్థానం. వీధిలో ఆడవాళ్లంతా కలిసి నాలుక ఆడిస్తూ యూయూ అని సంతోషపు కూతలు పెట్టారు. నేను ఇంటికొచ్చి రెండు రకాతుల నమాజు చేసి, తృప్తిగా ఏడ్చాను. అప్పటి నుంచి మన గుమ్మం ఖాళీగా లేదు. నిన్న బడి బెంచీలు చేసే అన్నదమ్ములు, ఇవాళ యూనిఫారాలు కుట్టే జోహ్రా. అందరిదీ ఒకటే మాట. "ఖీరా అక్కా, మా కవరు కూడా నువ్వే కట్టు."

ఇక ఇన్నాళ్లూ దాచిన మాట. రొట్టెలు మోయడానికి మూత ఉన్న వ్యాను బండి చూపించాలన్నారు, నడిపేవారి పేరు కూడా రాయమన్నారు. మన కూరగాయల బండి చూపించాను. అది మీరు నా పేరు మీదే కొన్నారు కదా, నా సంతకం చాలింది. డ్రైవరు దగ్గర మీ పేరు రాశాను.

మిమ్మల్ని అడగలేదు. అడిగితే ఇంకో ఏడాది చూద్దామనేవారు. ఆ మాట ఇప్పటికి చాలాసార్లు విన్నాను. జీతం అక్కడికన్నా తక్కువే, కానీ మధ్యాహ్నం ఇంట్లో భోంచేస్తారు. నేను ఎన్నడూ అబద్ధం రాయలేదు. ఈ ఒక్క గీతను నిజం చేయాల్సింది మాత్రం మీరే. బడులు తెరిచేలోపు బయల్దేరండి.

ఈ ఉత్తరం మీ దగ్గరే భద్రంగా ఉంచుకోండి, ఎవరికీ చూపకండి. పెళ్లామే మొగుణ్ణి పనిలో పెట్టుకుందని ఆ వంటవాళ్లు నవ్వుతారు. మీరు బస్సెక్కాక ఎంతైనా నవ్వుకోనివ్వండి.

ఇట్లు,
మీ ఇల్లాలు
ఖీరా