నాకొచ్చిన ఒకే ప్రార్థన

రూతక్కా,

నువ్వు దేవుడి దగ్గరికి పోయి ఈ పొద్దుకు ఏడాది. నేనింకా మన తిరుపతి ఆస్పత్రిలో, మన వార్డులోనే ఉండాను.

పులికాట్ పక్క పల్లె నుంచి వచ్చిన ఒక ముసలామెకు ఈ పొద్దు కడుపు ఆపరేషన్. ఒక చేత్తో మంచం కమ్మీ పట్టుకొని వదలదు. "మా పాస్టరయ్యకు బస్సు దొరకలేదంట. నువ్వన్నా ప్రార్థన చెయ్యి పాపా" అనింది.

రోగి నమ్మకాన్ని కూడా చూసుకోవాలని నర్సింగ్ కాలేజీలో మనకు పాఠం చెప్పినారు. నేను పరీక్ష రాసి మర్చిపోయినాను. నువ్వు మాత్రం చర్చికి పోయేదానివైనా, హిందూ రోగుల కోసం విభూతి పొట్లం జేబులో పెట్టుకొని తిరిగేదానివి. నాకు ప్రార్థనలేం వస్తాయి? ఆమె చెయ్యి పట్టుకొని, రోజూ మధ్యాహ్నం క్యారియర్ ముందర నువ్వు చెప్పేదే చెప్పేసినాను. "ప్రభువా, ఈ ఆహారాన్ని దీవించు. వండిన చేతుల్ని దీవించు."

ముసలామె ఒక కన్ను తెరిచింది. "ఏం పాపా, నీళ్లు కూడా తాగొద్దంటిరే, ఇప్పుడు అన్నానికి ప్రార్థన చేస్తివా?"

ఇద్దరికీ నవ్వాగలేదు. ఆ నవ్వులోనే ఆమె "ఆమెన్" అనేసింది. స్ట్రెచర్ మీదికి మార్చేటప్పటికి తానే కమ్మీ వదిలేసింది. ఆపరేషన్ బాగా జరిగిందిలే.

నువ్వుంటే వార్డంతా చెప్పి నన్ను ఏడిపించేదానివి.

మధ్యాహ్నం డ్యూటీ రూములో క్యారియర్ తెరిచినాను. బాగా ఆకలిగా ఉన్నా, ముద్ద కలిపి చేత్తో పట్టుకొని అట్లే కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో కాసేపటికి గాని తెలియలేదు.

నువ్వు ఆమెన్ అంటావని ఆగినాను అక్కా.